సూదిబండ మీది పట్టుగుమ్మటం

గాలిగుమ్మటం మంచిదో చెడ్డదో బయట నిలబడి చూస్తే తెలియదు. దాని కడుపులోకి దూరి చూడాలి.

నీలసరస్సు మీద బారెడు పొద్దెక్కేసరికి భావనుడు ఆ పనిలోనే ఉన్నాడు. కొలిమితిత్తులతో ఊదిన గాలికి పచ్చని పట్టుగుమ్మటం ఏనుగుల సాల అంత ఉబ్బి శాల ముంగిట దొర్లుతోంది. అతడు దాని మూతిలోంచి లోపలికి పాకి, వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. పట్టు గుండా వడకట్టుకుని వచ్చిన ఎండ లోపలంతా లేతచిగురు రంగులో నిండిపోయింది. ఎక్కడ కుట్టు వదులైనా, ఎక్కడ పూత పలచబడినా అక్కడొక చుక్క మెరుస్తుంది. పట్టువాడ పనివాళ్ళు దీన్ని చుక్కలు లెక్కపెట్టడం అంటారు. చుక్క ఉన్నచోట గుమ్మటాన్ని పైకి లేపే ఆవిరి కారుతుంది. ఆవిరి కారితే ఆకాశంలో ఉన్నవాడు అనుకున్నదానికంటే త్వరగా నేలకు వస్తాడు.

“ఎన్నిరా?” బయటినుంచి ఓబులమ్మ అరిచింది. శాలలోని నలభైమంది కుట్టుపని ఆడవాళ్ళకూ ఆమే పెద్ద. తల్లి లేని భావనుడిని సాకి ఇంతవాణ్ణి చేసిందీ ఆమే.

“మూడు, పెద్దమ్మా. మూడూ చీమ కళ్ళంత. పూతతో మూసేద్దాం... ఆగాగు!”

పదకొండో పట్టీ మీద వరుసగా పదిహేడు చుక్కలు కనిపించాయి. ఒక్కొక్కటీ మిరియపు గింజంత ఉంది.

“పదకొండో పట్టీ ఎవరు కుట్టారు?”

“పది రోజుల కిందట చేరిందే, మందారవల్లి. ఏం?”

“ఏం లేదు. వస్తున్నా.”

అది సూది పట్టిన చెయ్యి కాదు. కత్తి పట్టిన చెయ్యి. భావనుడు పాక్కుంటూ బయటికి వచ్చి, బట్టలు దులుపుకుంటూ, వరండాలో కూర్చుని పట్టీలు కుడుతున్న ఆడవాళ్ళను తీరిగ్గా చూశాడు.

తొందరపడకూడని పని అది. కానీ తొందరపడక తప్పని రోజు కూడా అదే. మేఘవతీ రాజ్యాన్ని ఏలిన మహారాజు కన్నుమూసి ఆనాటికి సరిగ్గా నలభై రోజులు. నలభయ్యో రోజు సూర్యుడు అస్తమించేలోగా వారసులు సింహాసనం మీద కూర్చోకపోతే, ఆ సింహాసనం సభ కోరినవాడిదని ఆ రాజ్యపు కట్టడి. వారసురాలు ఒక్కతే: రాకుమారి విద్యున్మాల. ఆమెను ఝంఝాముఖుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, మనిషన్నవాడు ఎక్కలేని సూదిబండ మీద బంధించాడు. ఆ బండ పట్టువాడకు పడమట రెండు కోసుల దూరం. దానికి ఇంకా పడమట ఐదు కోసుల్లో రాజధాని స్వర్ణతోరణం. ప్రతిరోజూ మధ్యాహ్నం తిరగగానే సరస్సు మీదినుంచి ఒక గాలి లేచి పట్టువాడను, సూదిబండను, స్వర్ణతోరణాన్ని ఒకే గీతలో దువ్వుకుంటూ పోతుంది. ఆ గాలిని నమ్ముకునే భావనుడు నలుగురిని మోయగల ఈ కొత్త గుమ్మటం కట్టించాడు. ఇవాళే ఎగరాలి. బండ మీద దిగాలి. రాకుమారిని ఎక్కించుకుని పొద్దుగుంకేలోగా రాజధాని చేరాలి.

వరండాలో సూదులు గబగబా ఆడుతున్నాయి. పది కుట్లు పడగానే ప్రతి ఆడదీ చూడకుండానే సూదిని పైకి తీసి, తలలో ఒకసారి రుద్దుకుని, మళ్ళీ పట్టులో గుచ్చుతోంది. తలనూనె తగిలితే సూది జారుతుంది. అది ఎవరూ నేర్పని అలవాటు. ముప్ఫైతొమ్మిది చేతులు అలా లేచి దిగుతున్నాయి.

చివర స్తంభం పక్కన కూర్చున్న మందారవల్లి చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా లేవలేదు.

భావనుడు నడుచుకుంటూ వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. “ఏమ్మా మందారవల్లీ, సూది బరువుగా కదులుతున్నట్టుంది. తలలో రుద్దుకోవచ్చుగా?”

“నిన్ననే తలంటుకున్నానండీ,” అంది ఆమె సన్నటి గొంతుతో. “నూనె లేదు.”

“అయ్యో, నా తలలో ఉందిలే. నీది ఇటివ్వు, మార్చుకుందాం.”

అంటూనే అతడు కొప్పు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. కొప్పు, జడ, జడలోని కనకాంబరాలు అన్నీ కలిసి అతడి చేతిలోకి వచ్చాయి. కింద నున్నగా గొరిగిన తల, చెవి మీద పాత కత్తిగాటు బయటపడ్డాయి. శాలలో ఒక్కసారిగా కేకలు లేచాయి.

“ఓరి నీ ఇల్లు కూలా! పది రోజులు నా పక్కన కూర్చుని నా చెంబులో మజ్జిగ తాగావు కదరా!” ఓబులమ్మ చీపురు అందుకుంది.

“మర్కటాక్షుడు!” అన్నాడు భావనుడు. మాంత్రికుడి కుడిభుజమని రాజ్యమంతా భయపడే దళపతి పేరది.

మర్కటాక్షుడు ఒక్క గెంతులో ప్రహరీ మీదికి ఎక్కి, నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. సరస్సు గట్టున రెల్లుదుబ్బులు కదిలాయి. నలభై గుర్రాలు ఒకేసారి బయటికి వచ్చాయి. రెప్పపాటులో శాల చుట్టూ బల్లేల కంచె వెలిసింది.

“పని పూర్తయ్యేదాకా ఓపిక పట్టాను, సాలెవాడా,” అన్నాడు మర్కటాక్షుడు, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటూ. “ఈ సాయంత్రం మా స్వామి ఆకాశం మీంచి నేరుగా రాజసభలో దిగుతారు. గాలి ఎవరి మాట వింటుందో చూశాక, సభ ఎవరిని కోరుతుందో నీకు వేరే చెప్పాలా? ఒరేయ్, ఆ గుమ్మటాన్ని మడిచి పెట్టెలో కుక్కండి!”

“మడవకండి!” భావనుడి నోట అప్రయత్నంగా వచ్చేసిందామాట. “పూత ఆరలేదు. మడవాలంటే ముందు నాలుగు రోజులు నీడలో వేలాడదీయాలి. పచ్చిపూత పట్టును మడిస్తే...”

“మడిస్తే?”

“దానంతటదే కాలిపోతుంది.”

నలభైమంది రౌతులూ గొల్లున నవ్వారు. “నిప్పు లేకుండా కాలుతుందిట్రా! వీడెవడో మన స్వామినే మించిపోయాడు!” అన్నాడొకడు.

భావనుడి ఎడమ మోచేతినుంచి మణికట్టుదాకా పాత కాలినమచ్చ ఒకటి ఉంది. మూడేళ్ళ కిందట అతడి గురువు, అవిసె నూనెలో గుగ్గిలం మరిగించి పూసిన పట్టును తెలియక మడిచి గదిలో పెట్టాడు. ఆ పూట ఆ గదిలోకి ఎవరూ దీపం కూడా తీసుకువెళ్ళలేదు. అయినా తడిగడ్డి వామి లోలోపల రాజుకున్నట్టు మడతల మధ్య వేడి పుట్టి, పెరిగి, శాల మొత్తం బూడిదయింది. ఆ సంగతి ఈ లోకంలో తెలిసింది పట్టువాడ వాళ్ళకే.

భావనుడు గొంతు మార్చాడు. మర్యాదగా అన్నాడు: “దళపతిగారూ, నా మాట నమ్మరు కదా. పోనీ, మడిచేది ఎలాగో సరిగా మడవండి. లోపల గాలి మిగిలితే పట్టు నలుగుతుంది. కాళ్ళతో తొక్కి గట్టిగా అదమండి. పెట్టెకు రెండు కంబళ్ళు చుట్టండి. ఎండపొడ తగలకూడదు.”

“ఇప్పుడు దారికి వచ్చావు,” అన్నాడు మర్కటాక్షుడు సంతోషంగా. “కంబళ్ళు నాలుగు చుట్టండిరా!”

భావనుడి చేతులు వెనక్కి విరిచి కట్టి బండి ఎక్కించారు. గుమ్మటం ఎగరేయడానికి వాడు కావాలి మరి. ఆవిరి పుట్టించే ఇనుపరజను బస్తాలు, గంధకద్రావకం జాడీలు కూడా దొరికినన్ని బండ్లకెత్తారు. రంగుల కొట్టంలో ఉన్నవి మాత్రం వాళ్ళ కంటబడలేదు. బండి కదలబోతుంటే అతడు రంగుల కొట్టం వైపు ఒక్కసారి చూశాడు. అక్కడ దూలాలకు పాత డేరాగుడ్డలాంటిది ఒకటి వేలాడుతోంది. అరవైనాలుగు మాసికలు పడ్డ గుమ్మడిపండు రంగు పట్టు. కాలిపోయాక తిరిగి కట్టిన శాలలో పుట్టిన మొట్టమొదటి గుమ్మటం. ఆడవాళ్ళు దాన్ని ముద్దుగా గుమ్మడమ్మ అంటారు.

ఓబులమ్మ అటు తిరగనైనా తిరగలేదు. ముక్కుపుడక సర్దుకుంది. ఏదన్నా అర్థమైతే ఆమె చేసే పని అదే.

ఎండ నిప్పులు చెరుగుతోంది. బండి రెండు కోసుల దారి దాటుతుండగా భావనుడు పెట్టెకు వీపు ఆనించి కూర్చున్నాడు. మొదటి కోసు దగ్గర పెట్టె మామూలుగానే ఉంది. రెండో కోసు సగానికి వచ్చేసరికి కంబళ్ళ మీదుగా జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా వెచ్చగా తగిలింది. అతడు కళ్ళు మూసుకుని ఈలపాట అందుకున్నాడు.

“చావబోతూ పాటలేమిట్రా?” అన్నాడు పక్కన గుర్రం మీద మర్కటాక్షుడు. ఇంకా చీరలోనే ఉన్నాడు.

“మీ చీరకట్టు చూస్తే పాట దానంతటదే వస్తోంది, దళపతిగారూ. ఆ పమిట కాస్త సర్దుకోండి. రౌతులు చూస్తున్నారు.”

సూదిబండ కనిపించింది. చూసినవాడి మెడ నొప్పి పుట్టించే బండ అది. చుట్టూ మైదానం అరచేయిలా చదునుగా పరుచుకుని ఉండగా, ఏ యుగంలోనో భూదేవి చీర కుట్టుకుంటూ మరిచిపోయిన సూదిలా ఆ ఒక్క రాయి నూరు బారల ఎత్తున నిలువుగా లేచింది. దాని పక్కలు వర్షాలకు నునుపెక్కి, ఎండలో నీలంగా, తేమలో నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. ఉడుము కూడా పట్టు దొరక్క జారిపోతుంది. సగం ఎత్తులో గద్దలు తిరుగుతాయి. శిఖరం మీద మాత్రం బల్లపరుపుగా చిన్న కోట. తూర్పు కొసన రాతి చెరసాల, నడుమ నల్లపట్టు తెరలు కట్టిన పూజామండపం, పడమటి కొసన కప్పీల గది. కింద ఆరు ఎద్దులు గానుగ తిప్పితే, ఆ గదిలోని కప్పీల మీదుగా తాడు నడిచి పెద్ద గంప పైకీ కిందికీ తిరుగుతుంది. ఎక్కడానికైనా దిగడానికైనా ఆ తాడొక్కటే దారి.

పెట్టె ఎక్కింది. జాడీలు ఎక్కాయి. మర్కటాక్షుడు, పదిమంది కావలివాళ్ళు, చివరికి భావనుడు ఎక్కారు.

“పెట్టె ఎక్కడ పెట్టమంటావు?” అని అడిగాడు ఒక కావలివాడు.

“నీడ ఉండాలి. గాలి ఆడకూడదు. కప్పీల గది అయితే శ్రేష్ఠం,” అన్నాడు భావనుడు. తాడు లేకపోతే తరిమేవాడు ఉండడు.

పూజామండపం లోంచి ఝంఝాముఖుడు బయటికి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. పాదాలదాకా జీరాడే నల్లటి అంగీ, బుగ్గలు రెండూ ఊదిఊది సంచుల్లా వేలాడుతున్నాయి. మెడలో మూరెడు పొడవున్న ఎముక బూర. అది గండభేరుండ పక్షి రెక్కలోని ఎముక అని, దాన్ని ఊది అతడు ఏ దిక్కు పేరు చెబితే ఆ దిక్కు గాలి పరిగెత్తుకు వస్తుందని అంటారు. అది నిజమే. రెండేళ్ళ కిందట ఆ బూర రాజుగారి పడవలను ఏడింటిని ముంచింది.

“నువ్వేనా గాలిని సంచిలో పెట్టి కుట్టేవాడివి?”

“గాలిని కాదు స్వామీ, గాలికంటే తేలికైనదాన్ని. గాలిని కుడితే అది ఎక్కడికీ పోదు.”

“నోరు బాగానే ఉంది. నాలుగు గడియల పొద్దుండగా నేను స్వర్ణతోరణం మీద ఎగరాలి. ఆ తర్వాత నువ్వూ అక్కర్లేదు, ఆ పిల్లా అక్కర్లేదు.”

తూర్పు చెరసాల ఊచల వెనకనుంచి ఒక కంఠం పలికింది. “ఆ పిల్లకు పేరుంది, మాంత్రికుడా. ఈ రాత్రికి ఆ పేరు నీ మరణశాసనం కింద సంతకమై ఉంటుంది.”

ముప్ఫై రోజుల చెర ఆమెను నలిపింది. జుట్టు చింపిరి. చీర చిరుగులు. కానీ విద్యున్మాల కళ్ళు మాత్రం పేరుకు తగ్గట్టే మెరుస్తున్నాయి. భావనుడు ఆమెకేసి తిరిగి తల వంచాడు. “పట్టువాడ నుంచి వచ్చానమ్మా. పేరు భావనుడు.”

“చేతులు కట్టించుకుని వచ్చావా నన్ను విడిపించడానికి?”

“దారి ఖర్చు కలిసి వస్తుందని, అమ్మా.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందేమో, దాన్ని ఆపుకోవడం మరిచిపోయింది.

భావనుడు సరస్సు దిక్కు చూశాడు. ఎండ తూర్పు గోడ దాటి నెత్తి మీదికి, నెత్తి మీదినుంచి పడమటికి వాలింది. చెమట పట్టిన మెడ మీద చల్లగా ఒక వేలు రాసినట్టయింది. సరస్సు గాలి లేచింది! ఇంకాసేపటికి దూరంగా, పట్టువాడ మీద, పసుపురంగు బొట్టు ఒకటి ఆకాశంలో పెట్టినట్టు కనిపించింది.

సాలెవాడి చేతులను తాడుతో కట్టడమంటే చేపను నీళ్ళతో కట్టడమే. ముడి అప్పటికే అతడి వేళ్ళ మధ్య వదులై ఉంది. ఇక ఒకే పని మిగిలింది. అతడు గొంతు పెంచాడు.

“స్వామీ! ఒక్క మనవి. ఆ పెట్టె మాత్రం ఇప్పుడే తెరవకండి. ఇంకో జాము ఆగాలి.”

ఝంఝాముఖుడి కనుబొమలు ముడిపడ్డాయి. “జామా? అప్పటికి పొద్దు పోతుంది! నాతోనా నీ నాటకం? తెరవండిరా!”

“వద్దు స్వామీ!”

“ఇప్పుడే తెరవండి!”

కావలివాళ్ళు కప్పీల గదిలోకి పరిగెత్తారు. నాలుగు కంబళ్ళూ ఊడబెరికారు. మూత ఎత్తారు.

లోపలినుంచి మొదట నూనె మాడిన వాసన వచ్చింది. తరవాత తెల్లటి పొగ. పొగ వెనకే, ఇంతసేపూ ఊపిరాడక మడతల్లో ముడుచుకుని కూర్చున్న నిప్పుకు గాలి తగిలి, మంట నిలువెత్తున లేచి పైకప్పు తాటాకును అందుకుంది.

“నిప్పు లేకుండా కాలిందిరోయ్!” మర్కటాక్షుడు వెనక్కి తూలాడు. “వాడు చెప్పాడు! మడిస్తే కాలుతుందని వాడు ముందే చెప్పాడు!”

“అయితే నాకెందుకు చెప్పలేదురా?” అని గర్జించి ఝంఝాముఖుడు బూర అందుకున్నాడు. “చూడండి, ఒక్క ఊపుతో ఆర్పేస్తాను! తూర్పుగాలీ, రా!”

బూర మోగింది. గాలి వచ్చింది. వచ్చి, కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినట్టు ఊదింది. ఒక్క గది మంట మూడు గదులంతయింది. దూలాలు పట్టుకున్నాయి. కప్పీలు పట్టుకున్నాయి. కావలివాళ్ళు గావుకేకలు పెడుతూ ఒకరి మీద ఒకరు గంపలోకి దూకారు. అందరికంటే ముందు దూకినవాడు మర్కటాక్షుడు. “దించండిరా! దించండి!” గంప గిరగిర తిరుగుతూ నేలకు జారింది. అది నేల తాకీ తాకగానే పైన తాడు పుటుక్కుమని తెగి, కాలుతున్న కొసతో పాములా మెలికలు తిరుగుతూ కిందికి పోయింది.

అప్పటికే భావనుడు చెరసాల ముందున్నాడు. తలపాగా మడతలోంచి జానెడు దబ్బనం తీసి తాళంలో దూర్చాడు.

“తాళాలు తీయడం కూడా కుట్టుపనిలో భాగమా?” అంది విద్యున్మాల.

“కుట్టడం వచ్చినవాడికి విప్పడం రాదామ్మా?”

తాళం ఊడింది. ఇద్దరూ తూర్పు బురుజు మీదికి పరిగెత్తారు. ఎదురుగా, గాలిలో ఊగుతూ, మాసికల మీద మాసికలతో, గుమ్మడమ్మ వస్తోంది. అలుపెరుగని ముసలిదానిలా నింపాదిగా వస్తోంది. వలకు కట్టిన బుట్టలో ఒక మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని, ఏడుకొండలవాడి దగ్గర్నుంచి ఊరి పోలేరమ్మదాకా పేరుపేరునా పిలుస్తోంది.

“పెద్దమ్మా, కొక్కెం విసురు!”

“కళ్ళు తెరవకుండా విసరొచ్చా?”

“తెరువు!”

ఓబులమ్మ ఒక కన్ను తెరిచింది. కొక్కెం వచ్చి బురుజు అంచుకు తగులుకుంది. భావనుడు తాడు లాగి రాతిస్తంభానికి ముడివేశాడు. బుట్ట బురుజుకు రాసుకుని ఆగింది.

“శాలలో ఆరుగురు బక్కపిల్లలు ఉన్నారు కదే పెద్దమ్మా! నువ్వెందుకు వచ్చావు?”

“చీటీ వేశాం. నా పేరొచ్చింది.”

“ఇవాళ కూడా చీటీయా!”

పట్టువాడలో అది తప్పని ఆచారం. ఏ గుమ్మటమైనా ఎగిరేముందు కుట్టినవాళ్ళందరి పేర్లతో చీటీలు వేస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళు ఎక్కాలి. అందుకే ఆ శాలలో ఎవరూ వదులు కుట్టు వేయరు. ఓబులమ్మ పేరు ఇప్పటికి పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ మోకాళ్ళ నొప్పులనో, ఉపవాసమనో తప్పించుకుంది.

“ఇన్నాళ్ళూ తప్పించుకున్నది చాలు. కుట్టిన చెయ్యే ఎక్కాలి,” అంది ఆమె, గాలికి చెదిరిన నెరిసిన జుట్టు ముడేసుకుంటూ. “ఏం? నా బరువు గుర్తొచ్చిందా?”

గుర్తొచ్చింది. గుమ్మడమ్మ ఇద్దరు మనుషుల్ని హాయిగా మోస్తుంది. మూడోది బక్కప్రాణమైతే సర్దుకుంటుంది. భావనుడు రాకుమారిని బుట్టలోకి ఎక్కించి, తానూ ఎక్కి, ఇసుక సంచులన్నీ ఒక్కొక్కటే విసిరేశాడు. బుట్ట మూరెడు లేచింది. మళ్ళీ దిగి రాతిని తాకింది.

అతడు పడమటికి చూశాడు. గాలి పడమటికే పోతోంది. విడిచిన మరుక్షణం గుమ్మడమ్మ మండపం మీదుగా, దాని అవతల భగభగ మండుతున్న కప్పీల గది మీదుగా పోవాలి. దాని కడుపులో ఉన్నది నిప్పు పేరు చెబితే చాలు పేలిపోయే ఆవిరి. నిటారుగా ఎగిరితే సరే. లేకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంకేం విసరాలి? కొక్కెం? అది చాలదు.

“పెద్దమ్మా, స్వర్ణతోరణం గోపురాలు కనిపించగానే పైమూత తాడు కొద్దికొద్దిగా లాగు. ఒక్కసారే లాగితే...”

“ఆ మూత కుట్టింది నేనే. నాకు చెప్తావా? అసలు నువ్వెందుకు చెప్తున్నావు, పక్కనే ఉండగా?” అంటూనే ఆమె ముఖం మారిపోయింది. “ఒరేయ్ భావనా!”

అతడు అప్పటికే బుట్ట అంచు మీదినుంచి బురుజు మీదికి దూకాడు. విద్యున్మాల అతడి చెయ్యి పట్టుకుంది. “వద్దు! నిన్నిక్కడ వదిలి నేను సింహాసనం ఎక్కనా?”

“ఎక్కకపోతే వాడు ఎక్కుతాడమ్మా. ఇంకెంతో పొద్దు లేదు. మీరు కూర్చుంటే మేఘవతి నిలుస్తుంది. నా సంగతి నేను కుట్టుకుంటాను.”

దబ్బనం మొనతో పొడిచి తాడు ముడిని విప్పాడు. గుమ్మడమ్మ పంజరం విడిచిన పావురంలా నేరుగా పైకి లేచింది. మండపం దాటేసరికి తాడిచెట్టంత, కప్పీల గది మీదికి వచ్చేసరికి మూడు తాడిచెట్లంత ఎత్తు. నిప్పురవ్వలు ఎగిరాయి, సగం దారిలో నల్లబడి రాలిపోయాయి. పసుపు పట్టు పొగను చీల్చుకుని అవతల ఎండలో తళుక్కుమంది. ఓబులమ్మ తిట్లు ఆకాశం నుంచి స్పష్టంగా వినిపించాయి. “దిగి వచ్చాక నీ వీపు చీరేస్తానురా!” భావనుడి గుండె కుదుటపడింది. తిట్టే ఓపిక ఉందంటే భయం పోయినట్టే.

“ఆగక్కడ!”

మండపం ముందు ఝంఝాముఖుడు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో బూర. “ఎక్కడికి పోతుందిరా అది? పడమటి గాలిని పిలిచానంటే వెనక్కి తిరిగివచ్చి నా కాళ్ళ దగ్గర పడుతుంది!”

“పిలవండి,” అన్నాడు భావనుడు, బురుజు మెట్టు మీద కూర్చుంటూ. “పడమట ఏముందో ఒక్కసారి చూసి మరీ పిలవండి.”

ఝంఝాముఖుడు చూశాడు. పడమట మంట ఉంది. మంటకూ బురుజుకూ మధ్య తాను ఉన్నాడు. గాలి అటునుంచి ఇటు తిరిగితే మొదట కాలేది తన అంగీయే. బూర పెదవులదాకా వెళ్ళి ఆగిపోయింది. దూరంగా గుమ్మడమ్మ నిమ్మకాయంతైంది. దాని కింద, సాయంత్రపు ఎండలో, రాజధాని బంగారు తోరణం సన్నటి గీతలా మెరుస్తోంది. పొద్దు ఇంకా రెండు బారలుంది. చేరుతుంది.

“నిన్ను ముక్కలు ముక్కలుగా నరుకుతాను!” మాంత్రికుడు కత్తి ఎత్తి రెండడుగులు ముందుకు వేశాడు.

“నరకండి. నరికాక ఎలా దిగుతారు?”

కత్తి గాలిలో నిలిచిపోయింది.

“తాడు కాలిపోయింది. కింద ఉన్న మీ దళపతి చీర కొంగు నూరు బారలు ఉండదు. బూర ఊది గాలిని ఎక్కి దిగుదామంటే మీకు రెక్కలు లేవు. నీళ్ళు రెండు కుండలు ఉన్నాయి, తిండి లేదు. ఈ బండ మీదినుంచి మనిషిని కిందికి చేర్చగల వస్తువును కుట్టడం తెలిసినవాడు ఈ భూప్రపంచం మీద ఒక్కడే ఉన్నాడు. వాడిని నరుకుతానంటున్నారు.” భావనుడు లేచి నిలబడి మంటకేసి చూపించాడు. “ఆవిరితోనే ఎగరాలని లేదు స్వామీ. వేడిపొగ నింపినా లేస్తుంది. దిగడానికి అదే చాలు. పొగకు మంట కావాలి. అదిగో, మీరే ఊది పెంచారు. అయితే అది ఇంకో మూడు గడియల్లో చల్లారుతుంది. ఈలోగా నేను కుట్టాలి. పక్కన కూర్చుని దారం ఎక్కించే చెయ్యి ఒకటి కావాలి.”

ఝంఝాముఖుడి గొంతులోంచి గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. కత్తి దిగలేదు. లేవనూ లేదు.

భావనుడు అతడి పక్కనుంచే నడిచి వెళ్ళి, పూజామండపానికి వేలాడుతున్న నల్లటి తెరను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

“ఇది పట్టేనా, నూలు కలిసిందా?”

మాంత్రికుడు కత్తి దించాడు. “పట్టే.”

“ఎన్ని మూరలుంటుంది?”

“రెండు... రెండు వందలు.”

“అయితే ఆ కత్తి ఇలా ఇవ్వండి. పట్టీలు కోయాలి.”

అంటూ భావనుడు చెయ్యి చాచాడు. రెండో చేత్తో దబ్బనాన్ని పైకెత్తి, తలలో ఒకసారి రుద్దుకున్నాడు.